లైటు దగ్గరికి వచ్చింది కొత్త జాతేనా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో చిన్న చిమ్మటల గురించి రాశాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. చాలామంది అడిగింది ఒకటే: ఫలానాది కొత్త జాతి అని ఎలా తేలుస్తారు, దానికి పేరు ఎవరు పెడతారు? ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను. ఫొటోలు పంపినవాళ్ళకి విడిగా రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: వాన వెలిసిన రాత్రి లైటు దగ్గర అయిదారు మిల్లీమీటర్ల పురుగు వాలింది. ముదురు గోధుమ రెక్కల మీద బంగారు చారలు. ఫొటో పెడితే యాప్ ఒకసారి ఒక పేరు చెప్పింది, ఇంకోసారి ఇంకోటి చెప్పింది, చివరికి తెలీదంది. కొత్త జాతి అనుకోవచ్చా?

అనుకోవడానికేం, అనుకోండి. ఊరంతా చాటడం మాత్రం అప్పుడే వద్దు.

యాప్‌కి తెలిసినవి ఎవరో ఒకరు ఫొటో తీసి, పేరు రాసి ఎక్కించినవే. ఉష్ణమండలపు చిన్న చిమ్మటల్లో చాలావాటికి బతికుండగా తీసిన ఫొటో అన్నదే లేదు, ఉన్నదల్లా ఏదో మ్యూజియం పెట్టెలో సూదికి గుచ్చిన ఒకటి రెండు నమూనాలు, ఏదో పాత పత్రికలో ఒక పేరా. కాబట్టి యాప్ తెల్లమొహం వేసిందంటే దానికి తెలీదని అర్థం, పురుగుకి పేరు లేదని కాదు.

అలాగని మీ ఆశ మీద నీళ్ళు చల్లడం లేదు. సీతాకోకచిలుకలు, చిమ్మటలు కలిపి ఇంతవరకు పేరు పెట్టినవి సుమారు 1,60,000 జాతులు. అందులో సీతాకోకచిలుకలు దాదాపు 18,000, మిగతావన్నీ చిమ్మటలే. పేరు పెట్టకుండా మిగిలిపోయినవి ఎక్కువగా ఉన్నది ఉష్ణమండలంలో, అందులోనూ సెంటీమీటరు దాటని ఈ బుల్లివాటిలో. మీ లైటు దగ్గరికి పేరు లేనిది రావడం వింతేమీ కాదు. చిక్కల్లా పేరు లేదని రుజువు చెయ్యడంలోనే ఉంది.

ముందు అది ఏ కుటుంబమో తేలాలి. దానికి రెక్కల రంగు చూసి లాభం లేదు, తల చూడాలి. లెన్స్ కింద నోటికి రెండు పక్కలా పాల్ప్‌లు అనే భాగాలు కనిపిస్తాయి. అవి పొడుగ్గా పైకి వంపు తిరిగి నడినెత్తి దాకా లేచి ఉండి, తొండం మొదట్లో పొలుసులు కప్పి ఉంటే జెలెకియిడే కుటుంబం, దాని చుట్టాల్లో వెతకాలి. మీసం మొదటి కణుపు వెడల్పయి కంటిని మూతలా కప్పేస్తుంటే నెప్టిక్యులిడే కావచ్చు. లోకంలోకెల్లా చిన్న చిమ్మటలు ఆ కుటుంబంలోవే, కొన్నిటికి రెక్కలు చాపినా 3 మిల్లీమీటర్లే. ఆ తర్వాత రెక్కల ఈనెలు అవీ చూసి ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఏదో తేల్చుకోవాలి. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఆ ప్రజాతిలో ఇప్పటిదాకా పేరు పెట్టిన ప్రతి జాతికీ మొదటి వర్ణన సంపాదించి, మీ దాన్ని ఒక్కొక్కదానితో పోల్చి ఇది కాదు, ఇది కాదు అని కొట్టేస్తూ పోవాలి. పదిహేను జాతులున్న ప్రజాతి తగిలితే అదృష్టవంతులు, రెండు వందలున్నది తగిలితే కొన్నేళ్ళు వేరే ఏమీ పెట్టుకోకండి. ఇదంతా ఫొటోతో జరిగేది కాదు, పురుగు చేతిలో ఉండాలి.

ప్రశ్న: నేను పరిశోధక విద్యార్థిని. మా గైడ్ వందేళ్ళ కిందటి వర్ణనలన్నీ చదవమంటున్నారు. నాలుగు లైన్లుంటాయి, బొమ్మ కూడా ఉండదు. వాటితో ఏం తేలుతుందండీ?

మీ గైడ్ చెప్పింది నిజం, మీ విసుగూ నిజమే. ఉష్ణమండల చిన్న చిమ్మటల మీద పని మొదలుపెట్టిన ఎవరికైనా ఎడ్వర్డ్ మేరిక్ అడ్డం వస్తాడు. 1854లో పుట్టి 1938లో పోయిన ఈయన ఇంగ్లండులో స్కూలు మాస్టారు. ఒక్కడే 14,000కు పైగా జాతులకి పేర్లు పెట్టాడు. ఎక్కడెక్కడి నుంచో ఆయనకి పురుగులు పంపేవాళ్ళు, ఆయన 'ఎక్సోటిక్ మైక్రోలెపిడాప్టెరా' అని సొంతంగా ఒక ప్రచురణ నడిపి, 1912 నుంచి చనిపోయే ముందు దాకా అందులో వర్ణనలు అచ్చేస్తూ పోయాడు. చూసిందంతా లెన్స్‌తోనే, మైక్రోస్కోపు కింద పొట్ట కోసి చూడడం మీద ఆయనకి నమ్మకం లేదు. ముందు రెక్కలు బూడిద రంగు, మధ్యలో ఒక చుక్క, అంచున ముదురు మచ్చలు, ఈ ధోరణిలో సాగుతాయి. దానికి సరిపోయే పురుగులు ఒక్క రాత్రి లైటు ముందు కట్టిన తెర మీదే అరడజను వాలతాయి!

అయినా చదవక తప్పదు. జంతువుల పేర్ల నియమావళిలో ముందు పెట్టిన పేరుదే హక్కు, అది నాలుగు లైన్లతో పెట్టిందా నలభై పేజీలతో పెట్టిందా అన్నది లెక్కలోకి రాదు. లెక్క 1758 జనవరి 1 నుంచి మొదలవుతుంది. మీరు కలర్ ప్లేట్లూ స్లైడ్ల ఫొటోలూ పెట్టి ముప్పై పేజీలు రాశాక, అది మేరిక్ ఎప్పుడో ఒక పేరాలో పేరు పెట్టేసిందే అని ఎవరైనా చూపిస్తే, మీ పేరు పక్కకి వెళ్ళిపోతుంది, ఆయనది నిలుస్తుంది.

కాబట్టి వర్ణన చదివేది అది ఏ పురుగో తేల్చుకోవడానికి కాదు, ఏ టైపు నమూనా చూడాలో తెలుసుకోవడానికి. టైపు అంటే పేరు పెట్టినవాడు ఇదిగో ఇదే అని చూపించిన పురుగు. మేరిక్ సేకరణ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. జె. ఎఫ్. గేట్స్ క్లార్క్ అనే అమెరికన్ ఆయన ఆ టైపుల్ని వరసగా పరిశీలించి, మేరిక్ వద్దన్న పనే చేసి, జననాంగాల ఫొటోలతో సహా 1955 నుంచి 1970 వరకు ఎనిమిది సంపుటాలు వేశాడు. అన్ని కుటుంబాలూ అందులో రాలేదు, కానీ మీ ప్రజాతి ఉందేమో చూసుకోండి, ఉంటే మీకు ఏడాది పని తప్పినట్టే.

మేరిక్‌ని తిట్టుకునే ముందు ఇంకొకటి. 1917లో పెరూ నుంచి వచ్చిన ఓ బూడిద రంగు పురుగుకి ఆయన ఫ్తోరిమియా అబ్సొల్యూటా అని పేరు పెట్టాడు. అప్పట్లో దాని సంగతి ఎవరికి పట్టింది? అది తర్వాత దక్షిణ అమెరికాలో టమాటా తోటల్ని తినేసింది, 2006లో స్పెయిన్‌లో తేలింది, అక్కడి నుంచి కొన్నేళ్ళలోనే ఆఫ్రికా, ఆసియా దాకా పాకింది. ట్యూటా అబ్సొల్యూటా అని రైతులు భయపడేది దీన్నే. మధ్యలో ప్రజాతి ఎన్నిసార్లు మార్చారో, 2021లో తిప్పి తిప్పి మళ్ళీ ఫ్తోరిమియాలోకే తెచ్చారు. అబ్సొల్యూటా అన్న ముక్క మాత్రం ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: కొత్త చిమ్మట అని వార్త వచ్చినప్పుడల్లా ఆ వ్యాసం తెరిచి చూస్తాను. రెక్కల ఫొటో ఒకటి ఉంటుంది, మిగతావన్నీ జననాంగాలే. ఇదేం పిచ్చండీ?

పిచ్చి కాదు గానీ బయటి నుంచి చూస్తే అలాగే ఉంటుంది, ఒప్పుకుంటాను.

రెక్కలు మోసం చేస్తాయి. ఒకే జాతిలో ఆడదీ మగదీ వేరే రంగుల్లో ఉంటే పాతకాలంలో రెండు జాతులుగా పేర్లు పెట్టేసినవి ఉన్నాయి. వానాకాలపు పురుగు ఒక రంగు, ఎండాకాలపుది ఇంకో రంగు ఉంటుంది. నాలుగు రోజులు ఎగిరిందంటే పొలుసులు రాలిపోయి ఏ మచ్చ ఎక్కడుందో తెలీదు. మరోపక్క రెక్కలు చూస్తే అచ్చం ఒకటే, లోపల చూస్తే రెండు జాతులు. జననాంగాలు గట్టి భాగాలు, ఎండినా రూపం మారవు, ఒక జాతిలో దాదాపు ఒకేలా ఉండి పక్క జాతికి తేడాగా ఉంటాయి. ఎందుకలా అన్నదానికి తాళం, తాళంచెవి సిద్ధాంతం అని 1844 నాటిది ఒకటి చెబుతారు, పక్క జాతితో కలవకుండా ఉండడానికి అని. ఇప్పుడు చాలామంది దాన్ని అంతగా నమ్మడం లేదు, ఆడపురుగు ఎంపికే ఆ తేడాల్ని పెంచుతూ వచ్చిందంటున్నారు. వర్ణన రాసేవాడికి ఎలాగైనా ఒకటే, తేడా ఉంటే చాలు.

పని ఎలా ఉంటుందో చెబుతాను. ఎండిన పురుగు పొట్టని ఫోర్సెప్స్‌తో కింది నుంచి మెల్లిగా పైకి నొక్కితే టక్కున ఊడి వస్తుంది, ఒకటిన్నర మిల్లీమీటరు ముక్క. ఆ క్షణంలో ఫ్యాను తిరుగుతుంటే అంతే సంగతులు. దాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి రాత్రంతా వదిలెయ్యాలి, లేదంటే కాసేపు వేడి చెయ్యాలి. కండా కొవ్వూ కరిగిపోయి గట్టి తొడుగు మిగులుతుంది. నీళ్ళలోకి మార్చి, వెంట్రుకలు కత్తిరించి సన్నం చేసిన బ్రష్‌తో పొలుసులు తుడవాలి, మైక్రోస్కోపు కింద అవి పొగలా లేస్తాయి, నీళ్ళు రెండు మూడుసార్లు మార్చాలి. మగదైతే రెండు పక్కలా వాల్వాలు అనే రెక్కల్లాంటివి ఉంటాయి, వాటిని సూదితో విప్పి చదునుగా పరచాలి, మధ్యలో ఉన్న గొట్టాన్ని బయటికి లాగి పక్కన పెట్టాలి. ఆడదానితో ఇంకా కష్టం. లోపల సంచి పొర ఎంత పలచనంటే రంగు వెయ్యకపోతే కనిపించదు, క్లోరజోల్ బ్లాక్ ఒక చుక్క వేస్తే నీలి నలుపుగా తేలుతుంది, ఆ సంచి గోడ మీద సిగ్నమ్ అని ముల్లులాంటి ముక్క ఉంటే జాతిని పట్టిచ్చేది చాలాసార్లు అదే. చివరికి ఆల్కహాలులో నీరు పోగొట్టి, యూపరాల్ లేదా కెనడా బాల్సం అనే పారదర్శకమైన జిగురులో పెట్టి పైన గాజు పలక కప్పాలి. ఆ స్లైడు నంబరే పురుగు గుచ్చిన సూదికి కూడా చీటీగా తగిలించాలి. అది మర్చిపోతే పొట్ట ఎవరిదో, రెక్కలెవరివో ఇక దేవుడికే తెలియాలి.

ఒక జాగ్రత్త: పలక కింద ఎక్కువ నొక్కితే వాల్వా వెడల్పయిపోతుంది. అది చూసి కొత్త జాతి అనుకునేవాళ్ళున్నారు. పోల్చే స్లైడ్లన్నీ ఒకే పద్ధతిలో చెయ్యాలి.

ప్రశ్న: ఒక్కటే దొరికింది. వర్ణించొచ్చా?

నియమం ఒప్పుకుంటుంది. ఒక్క హోలోటైప్, అంటే పేరుకి ఆధారంగా నిలిపిన ఒకే ఒక్క టైపు నమూనా, ఉంటే చాలు, మిగతావి దొరికితే పారాటైపులవుతాయి. 2000 నుంచి హోలోటైప్ ఏదో స్పష్టంగా చెప్పాలి, అది ఏ సేకరణలో ఉందో, ఉంచబోతున్నారో కూడా రాయాలి, లేకపోతే పేరు చెల్లదు.

నన్నడిగితే మాత్రం ఆగమంటాను. ఒక్కదానితో ఆ జాతిలో ఎంత తేడా ఉంటుందో తెలీదు, రెండో లింగం తెలీదు. ఉష్ణమండలంలో చాలా జాతులు మరీ అరుదు, రెండోది పదేళ్ళకి గాని రాకపోవచ్చు, నిజమే. అయినా లైటు దగ్గర ఎదురుచూడడం కన్నా గొంగళిపురుగుని వెతకడం మేలు. ఆకు లోపల సొరంగాలు చేసుకుని తినే జాతులు చాలా ఉన్నాయి, సొరంగం ఏ ఆకులో ఉంది, ఎలా మెలికలు తిరిగింది, పెంటికలు మధ్యలో వరసగా ఉన్నాయా చెదిరి ఉన్నాయా, ఇవన్నీ జాతిని చెబుతాయి. ఎపిసెఫాలా అనే ప్రజాతి ఉంది. గ్లోకిడియాన్ చెట్ల మగపూల నుంచి దాని ఆడపురుగు తన తొండంతో పుప్పొడి పోగుచేసుకొచ్చి, కావాలనే ఆడపూలకి అంటించి, తర్వాత గుడ్డు పెడుతుంది, పిల్ల ఆ గింజల్లో కొన్ని తిని పెరుగుతుంది. ఈ సంగతి జపాన్ పరిశోధకులు 2003లో బయటపెట్టారు. చెట్టు చెట్టుకీ వెళ్ళి కాయల్లోంచి పెంచి చూస్తే, పైకి ఒకేలా కనిపించేవి ఒక్కో చెట్టు జాతికీ ఒక్కో చిమ్మట జాతిగా విడిపోయాయి. లైటు దగ్గర పట్టినవాటితో ఇది ఎన్నటికీ తేలేది కాదు.

పారాటైపులుంటే అన్నీ ఒకే చోట పెట్టకండి. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం కాలిపోయినప్పుడు లక్షల కొద్దీ కీటకాలు బూడిదయ్యాయి. ఇంకో మ్యూజియంలో జత ఉన్నవి బతికిపోయినట్టే.

ప్రశ్న: ఈ కోతలన్నీ ఎందుకు, డీఎన్ఏ పరీక్ష చేస్తే సరిపోదా?

సాయం చేస్తుంది, సరిపోదు. 2003లో పాల్ హెబర్ట్ బృందం ముందుకు తెచ్చిన బార్‌కోడ్ పద్ధతిలో సీఓఐ అనే జన్యువు నుంచి 658 అక్షరాల ముక్క చదువుతారు. ఒక్క కాలు చాలు, పురుగు చెడదు. ఆడా మగా రంగులు వేరైతే జత కలపడానికి, గొంగళిపురుగు ఏ చిమ్మటదో తేల్చడానికి దీన్ని మించింది లేదు. వందేళ్ళ టైపు నమూనా కాలు నుంచి కూడా చిన్న చిన్న ముక్కలుగా చదవగలుగుతున్నారు.

అయితే వోల్బాకియా అనే బాక్టీరియా తల్లి నుంచి పిల్లకి వెళ్తూ ఈ జన్యువు లెక్కని తారుమారు చేస్తుంది, ఒక జాతి రెండుగా కనిపించొచ్చు, రెండు ఒకటిగా కనిపించొచ్చు. 2 శాతం తేడా ఉంటే కొత్త జాతి అని కొందరు గీత గీసేస్తారు, అది అంచనాకి పనికొస్తుంది, తీర్పుకి కాదు. 2021లో కోస్టారికా బ్రాకొనిడ్ కందిరీగల్లో 403 కొత్త జాతుల్ని ఒకే వ్యాసంలో ముఖ్యంగా బార్‌కోడ్‌ల ఆధారంగానే వర్ణించారు. వర్గీకరణ చేసేవాళ్ళ మధ్య దాని మీద పెద్ద గొడవే అయింది. వాళ్ళ తొందర నాకు అర్థమవుతుంది, అడవులు ఆగవు కదా. కానీ సీక్వెన్సింగ్ సదుపాయం లేనివాడు రేపు తన చేతిలో పురుగు పట్టుకుని ఆ వర్ణన చదివితే ఏం చెయ్యాలి?

ప్రశ్న: కొత్తదో కాదో తెలుసుకోవడానికి దాన్ని చంపాలా? మనసొప్పడం లేదు.

చంపాలి. తిప్పి చెప్పడానికి ఏమీ లేదు. పైన రాసినవేవీ బతికున్న పురుగు మీద జరగవు. తెర మీద వాలిన వాటన్నిటినీ ఊడ్చుకు రావద్దు, కావలసిన నాలుగు తీసుకుని లైటు ఆర్పెయ్యండి, మిగతావి వాటి దారిన అవి పోతాయి. మనసొప్పకపోతే గొంగళిపురుగుల్ని పెంచి, మేత మొక్క, సొరంగం, గూడు ఫొటోలు తీసి రాసుకోండి. ఆ పని చేసేవాళ్ళు మరీ తక్కువ. ఇంకో మాట, రక్షిత అడవిలో అనుమతి లేకుండా ఏదీ పట్టకూడదు, నమూనాలు దేశం దాటించడానికి మళ్ళీ వేరే అనుమతులు కావాలి. జీవవనరుల వాడకం, లాభాల పంపకం గురించి 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం తర్వాత చాలా దేశాలు వీటిని గట్టిగా చూస్తున్నాయి, కాగితాలు లేని నమూనాతో రాసిన వ్యాసాన్ని చాలా పత్రికలు తీసుకోవు.

ప్రశ్న: మా అమ్మ పేరు పెట్టొచ్చా? నా పేరు పెట్టుకోవచ్చా? ఫేస్‌బుక్‌లో ప్రకటిస్తే చెల్లుతుందా?

అమ్మ పేరు పెట్టొచ్చు, ఆడవాళ్ళ పేరైతే చివర 'ae' అక్షరాలు చేరతాయి, మగవాళ్ళదైతే 'i'. రోమన్ లిపిలోనే ఉండాలి. మీ పేరు మీరే పెట్టుకోకూడదని నియమం ఎక్కడా లేదు, కానీ పెట్టుకున్నవాళ్ళని చూసి నవ్వుతారు, అంతే. ప్రముఖుల పేర్లకి అడ్డు లేదు. 2017లో వాజ్రిక్ నజారీ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియా, బాహా కాలిఫోర్నియా ప్రాంతపు ఓ చిన్న చిమ్మటకి తల మీద పసుపు, తెలుపు పొలుసులు చూసి నియోపాల్పా డొనాల్డ్‌ట్రంపీ అని పెట్టాడు. ఆ ఎడారి ఆవాసాల మీద జనం దృష్టి పడాలని పెట్టానన్నాడు, ఆ మాటకొస్తే పడింది కూడా. నా ఇష్టం అడిగితే మేత మొక్క పేరు పెట్టండి, తర్వాత వెతికేవాడికి దారి దొరుకుతుంది.

ఫేస్‌బుక్ చెల్లదు. అచ్చులో రావాలి, లేదా ఆన్‌లైన్ పత్రికైతే 2012 సవరణ ప్రకారం వ్యాసం జూబ్యాంక్‌ అనే జంతువుల పేర్ల ఆన్‌లైన్ జాబితాలో నమోదై, ఆ సంగతి వ్యాసంలోనే ఉండాలి. ముందే సోషల్ మీడియాలో పేరు వదిలారనుకోండి, దాన్ని ఇంకెవరైనా సక్రమంగా ప్రచురిస్తే వాళ్ళదైపోతుంది.

ఎంతకాలం పడుతుందని ఇంకొందరు అడిగారు. నమూనా దొరికిన రోజు నుంచి పేరు వచ్చేదాకా సగటున 21 ఏళ్ళు పడుతోందని 2012లో లెక్క తేల్చారు, అది అన్ని రకాల జీవులకీ కలిపి. పెట్టెల్లో ఎదురుచూస్తున్నవి అన్ని ఉన్నాయి. కొత్త జాతి కావాలనుకునేవాళ్ళు అడవికి పరిగెత్తే ముందు దగ్గర్లోని మ్యూజియం వాళ్ళని అడిగి, 'పేరు తెలియనివి' అని రాసిపెట్టిన సొరుగు ఒకటి తెరిపించుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ పురుగుల పిచ్చి పట్టుకుంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కోతలూ పొటాషియం హైడ్రాక్సైడ్ జోలికి ఇప్పుడే వద్దు, చర్మం కాలుతుంది. సొరంగాలున్న ఆకులు ఏరమనండి. ఒక్కో ఆకునీ ఒక్కో చిన్న మూత డబ్బాలో వెయ్యాలి, అడుగున టిష్యూ ముక్క ఉండాలి, తడి ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే ఆకు ఎండి పురుగు చస్తుంది, రెండూ ఒకట్రెండుసార్లు జరిగాక చెయ్యి తిరుగుతుంది. చిమ్మటకి బదులు బుల్లి కందిరీగ బయటికొస్తే పారెయ్యొద్దు, గొంగళిపురుగుని లోపల తిన్నది అదే, దానికీ పేరు లేకపోవచ్చు. డబ్బా మీద మొక్క పేరు, చోటు, తేదీ, ఎవరు తెచ్చారు అన్నవి పెన్సిల్‌తో రాసిన చీటీ ఉండాలి. ఆ చీటీ లేని పురుగుని ఏ మ్యూజియమూ తీసుకోదు, అది ఎంత కొత్తదైనా సరే. మొక్క పేరు తెలియకపోతే కొమ్మతో సహా ఒక ఆకు నొక్కిపెట్టి అదే నంబరు వెయ్యమనండి, తర్వాత ఎవరినైనా అడగొచ్చు.